బల్లకి దొరికిన కాళ్లు

కళ్లాపు చల్లడం, గేదెకి కుడితి పెట్టడం, మొగుడు గంగులుకి చద్దన్నం పెట్టడం. నీలవేణి పొద్దు రోజూ ఇలాగే మొదలయ్యేది. అరవై ఎనిమిది వేసవిలో మాత్రం ఇంకో పని వచ్చి పడింది. రాజాంలో ఏదో ధాన్యం కొట్టు మూసేస్తుంటే గంగులు ఒక పాత బల్లచెక్కని బండి మీద వేసుకొచ్చి పెరట్లో పడేశాడు. కాళ్లు లేవు, పైనంతా బూజు. అయినా ఒంటి పలక, అదీ పనస చెక్క.

బల్ల ఎందుకంటారా? గంగులు రెండో పెళ్లికి! నీలవేణికి పిల్లలు కలగలేదు. గరివిడి ఫ్యాక్టరీలో పనిచేసే నారాయణమూర్తి తన కూతుర్నిస్తానన్నాడు. ఫ్యాక్టరీ వాళ్లని చాప మీద కూచోబెట్టి టీ ఇస్తే నవ్విపోతారని మన గంగులు బెంగ.

నీలవేణి మొదట్లో ఏడ్చింది. తరవాత నెల్లిమర్ల నుంచి అన్న ఎర్రన్న వచ్చాడు.

"జూటుమిల్లులో నీకు పని సూసాను సెల్లీ. ఆ పిల్లొచ్చినాక నిన్ను పంపీడానికి బావ ఒప్పుకున్నాడు. నీ కూలి నువ్వే తిందువు గాని."

అంతే, ఆ పెళ్లి ఎప్పుడవుతుందా అని ఆమెకే ఆత్రం పట్టుకుంది. గాజుపెంకుతో తనే బూజు గీకింది. వడ్రంగి నూకయ్య చిత్రిక పట్టి, పగుళ్లలో లక్క కరిగించి పోస్తే, ఆమె ఉప్పుకాగితం రుద్ది అవిసెనూనె పట్టించింది. చెక్క పసుపు రాసుకున్న మొహంలా తేలింది.

ఇక కాళ్లు. సరుగుడు పెడితే బల్ల ఊగింది. వేప పెడితే నెర్రె విచ్చింది.

"దీని బరువుకి ఇరుగుడు కావాల బాబూ," అన్నాడు నూకయ్య.

గంగులు అటకెక్కి నాలుగు ఇరుగుడు మంచం కోళ్లు దించాడు. అవి వాళ్లమ్మ అసిరమ్మవి. ఆవిడ నిరుడు పోయింది. పోయినవాళ్ల మంచం ఇంట్లో ఉంచుకోకూడదు, ఎవరికైనా ఇచ్చెయ్యాలి. గంగులు ఇచ్చాడు కూడా, నాసిరకం కోళ్లు బిగించి. అసలువి దాచేశాడు. ఎంత గడుసువాడో చూడండి!

"మీ యమ్మ పేణం పోయింది దీనిమీదే కదేటి?" నూకయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మంచం ఇచ్చీమన్నారు గానీ కోళ్లు ఇచ్చీమన్నారేటి? బిగించేయ్."

మర్నాడు నీలవేణి లేచేసరికి, రాత్రి పెరట్లో ఉన్న బల్ల వంటింట్లో పొయ్యి పక్కన ఉంది. అసిరమ్మ కూడా అక్కడే నించునేది, కోడలు కళ్లముందు లేకపోతే ఆవిడకి తోచేది కాదు. కోడలి చేతి ముద్ద తప్ప తినేది కాదు, పుట్టింటికి పండక్కైనా పంపేది కాదు.

"జరగత్తా, సెగ తగుల్తాది," అంది నీలవేణి. బల్ల అచ్చం అసిరమ్మలాగే కుడికాలు ఈడ్చుకుంటూ జరిగింది.

మజ్జిగకని వచ్చిన పక్కింటి మరిడమ్మ చూసి, "అసిరమ్మప్ప మళ్లీ తిరుగుతన్నాదే! బాగుందిలే," అని చెంబు నింపుకుని పోయింది.

మాటలు కలుపుకునే రోజు నారాయణమూర్తి, పెద్దమనిషి నరసింగరావుని వెంటబెట్టుకుని వచ్చాడు. బల్ల వీధి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. గంగులు తోశాడు. వీధిలో మగాళ్లంతా వచ్చి తోశారు. కోళ్ల కింద మట్టినేల బీటలిచ్చింది గానీ బల్ల కదల్లేదు.

"అమ్మా, పరువు తీయకే, తప్పుకోయే!" గంగులు బతిమాలాడు.

నరసింగరావు చెప్పులు విడిచి బల్లకి దణ్ణం పెట్టాడు. "ఇంటి పెద్దావిడికి ఇష్టం లేనప్పుడు మనమేటి మాటాడతాం? పద మూర్తీ." టీ అయినా తాగకుండా వెళ్లిపోయారు.

సాయంత్రం దాకా ఆడవాళ్లు వస్తూనే ఉన్నారు. "అదృష్టమంటే నీదేనే! సచ్చినాక కూడా కోడల్ని కాసుకున్న అత్త ఏ ఊళ్లో ఉన్నాది?" నీలవేణి అందరికీ తలూపింది. సర్దుకున్న ట్రంకుపెట్టె గదిలో అలాగే ఉంది.

మర్నాడు ఎర్రన్న బండి కట్టుకొచ్చాడు. "పెళ్లి అవకపోతే పోనీ, నానొచ్చేస్తన్నానన్నా," అని నీలవేణి పెట్టె ఎత్తుకుంది. వీధి గుమ్మంలో బల్ల. పెరటి గుమ్మానికి పరిగెత్తింది. తను చేరేసరికి అక్కడా బల్లే. తిరిగొస్తే మళ్లీ వీధి గుమ్మంలో.

ఎర్రన్న బండిలోంచి గొడ్డలి తీశాడు. వీధంతా ఒక్కసారి గొల్లుమంది. "ముసిల్దాని కాళ్లు నరుకుతావేట్రా పాపిష్టోడా!" నీలవేణి కూడా బల్ల మీదకి వంగి చేతులడ్డం పెట్టింది. ఎర్రన్న గొడ్డలి కిందపెట్టాడు.

"అత్త నిన్ను ఒగ్గేసినప్పుడు కబురెట్టు సెల్లీ," అని ఎడ్లని అదిలించాడు. బండి వీధి మలుపు తిరిగేదాకా నీలవేణి బల్ల మీంచి చూస్తూ నిలబడింది.

తరవాత పెట్టె మీద కూలబడి, కాపరానికొచ్చాక మొదటిసారి అత్త మీద గొంతెత్తింది. "బతికున్నన్నాళ్లూ ఒగ్గనేదు. సచ్చీ ఒగ్గవేటే ముసిలీ? నీకు నాను తప్ప మనిషే దొరకలేదా?" అని వెక్కి వెక్కి ఏడ్చింది.

బల్ల మెల్లగా కదిలొచ్చి ఆమె మోకాళ్లకి ఆనుకుని నిలబడింది.