ఆదివారపు క్షతగాత్రురాలు

యుద్ధం రోజులవి. ఆ ఇంటి వసారాలో వరుసగా నాలుగు మేకులు, నాలుగు మేకులకూ సేవాదళాలవాళ్లు జబ్బకు కట్టుకునే నాలుగు చేతిపట్టీలు. సైరన్ మోగితే వీధి జనాన్ని నేలమాళిగల్లోకి పంపే వార్డెను మామగారిది ఒకటి. ఆస్పత్రికి కట్టుగుడ్డలు చుట్టే అత్తగారిది ఇంకొకటి. మంటలార్పే దళంలో చేరిన పెద్దకొడుకుది మూడోది, ప్రథమ చికిత్స నేర్చుకుంటున్న కూతురిది నాలుగోది. "ఇంటిల్లిపాదీ సేవలోనే ఉన్నారండీ!" అని వీధి వీధంతా మెచ్చుకునేది.

పాఠకులారా, ఇంటిల్లిపాదీ అంటే అందరూ అనే కదా అర్థం? ఆ పట్టీలు ఉతికి, ఇస్త్రీ చేసి, ఎవరి మేకుకు వారిది తగిలించే పెద్దకోడలికి మాత్రం పట్టీ లేదు. "నువ్వూ బయల్దేరితే పొయ్యెవరు చూస్తారే?" అని అత్తగారు నవ్వుతూనే అన్నారు. ఆ ఇంట్లో ఎవరూ చెడ్డవాళ్లు కారు. చెడ్డవాళ్లయితే ఈ కథ చెప్పడం నాకు మహా సులువయ్యేది.

అయితే ఆమెకూ ఒక సేవ దొరికింది. ఆదివారం మధ్యాహ్నాలు బడి ఆవరణలో ప్రథమ చికిత్స అభ్యాసం జరిగేది. కట్లు కట్టేవాళ్లు బోలెడంత మంది, కట్టించుకునేవాళ్లే కరువు.

"ఉత్తుత్తి దెబ్బలకి మనుషులు చాలట్లేదు వదినా. నువ్వు రాకూడదూ? పడుకోవడమే పని" అంది ఆడపడుచు.

పడుకోవడమే పని! ఆ మాట పెద్దకోడలి చెవిలో తేనె పోసినట్టయింది.

మెడలో ఒక చీటీ కట్టేవారు. ఒక వారం 'చెయ్యి కాలింది', ఒక వారం 'తలకు గాయం'. ఆమె గడ్డిమీద వాలి కళ్లు మూసుకునేది. ఎండ ఆకుల్లోంచి జారి రెప్పలమీద ఆడేది. ఎవరో పక్కన మోకరిల్లి, "నొప్పి ఎక్కడమ్మా?" అని మెల్లగా అడిగేవారు. తర్వాత స్ట్రెచర్ గాల్లోకి లేచేది. కొమ్మలు, బడి కిటికీలు, మబ్బులు ఒకదాని వెనక ఒకటి వెనక్కి తేలిపోయేవి. నీళ్ల బిందెలు మోసే మనిషిని ఎవరో మోసుకుపోతున్నారు! ఒళ్లు దూదిపింజ అయిపోయేది. యుద్ధం ఆగిపోవాలని అందరిలాగే ఆమె కూడా కోరుకునేది గానీ, ఆదివారాలు మాత్రం ఆగకూడదనుకునేది.

ఒక గురువారం బిందె ఎత్తుతుంటే పొట్టలో కుడివైపు కలుక్కుమంది. శుక్రవారానికి నొప్పి ముదిరింది, శనివారం జ్వరం తోడైంది. భోజనాల దగ్గర మామగారు సైరన్ సంగతులు, భర్త మంటల సంగతులు, ఆడపడుచు కట్ల సంగతులు చెప్పుకుంటున్నారు. అంత పెద్ద కబుర్ల మధ్య తన పొట్టనొప్పి ఎక్కడ పెట్టాలో ఆమెకు తోచలేదు. వేడినీళ్లు తాగి అంట్లు తోముకుంది.

ఆదివారం చీటీ, 'ఎడమకాలు విరిగింది'. గడ్డిమీద వాలేసరికి ఆకాశం మెల్లగా తిరుగుతోంది. ఆడపడుచు పక్కన కూర్చుని పాఠం ప్రకారం అడిగింది. "నొప్పి ఎక్కడమ్మా?"

ఎక్కడో కలలోంచి పలికినట్టు పెద్దకోడలు నిజం చెప్పేసింది. "పొట్టలో. కుడివైపు."

"అబ్బా వదినా, చీటీలో కాలని ఉంది. పరీక్ష రోజు పాఠం చెడగొట్టకు."

"అయ్యో, కాలే. కాలేనమ్మా" అని ఆమె సర్దుకుంది.

వెదురుబద్దలు పెట్టి కాలికి కట్టు దివ్యంగా కట్టారు. పరీక్షించడానికి వచ్చిన రిటైరైన హెడ్‌నర్సును అందరూ వెనకాల 'సింహం' అనేవారు. సింహం కట్టు చూసి తలాడించింది. ఆడపడుచు మొహం వెలిగిపోయింది. తర్వాత సింహం రోగి మణికట్టు పట్టుకుని ఆగిపోయింది.

"ఒళ్లు పెనంలా కాలుతోందే!" అంటూ, రోగి రెండో చేత్తో అదిమిపట్టుకున్న పొట్టమీద వేళ్లు నొక్కి వదిలింది. పెద్దకోడలు కెవ్వుమంది. పెళ్లయి వచ్చిన ఎనిమిదేళ్లలో ఆమె గొంతు అంత పైకి లేవగా ఆడపడుచు వినడం అదే మొదలు.

"లేని దెబ్బకి కట్టు కట్టారు. ఉన్న మనిషిని చూసిందెవరు?" అంది సింహం.

"వదిన చెప్పింది. నేనే... నేనే వినలేదు" అని ఆడపడుచు భోరుమంది.

స్ట్రెచర్ మళ్లీ లేచింది, ఈసారి పరుగున. ఆకులూ మబ్బులూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఆస్పత్రిలో డాక్టరు ఆపరేషన్ చేసి బయటికొచ్చి, అపెండిక్స్ పగిలేలా ఉందనీ, ఇంకో పూట ఆగితే మనిషి దక్కేది కాదనీ చెప్పాడు.

మర్నాడు మంచం చుట్టూ అందరూ నిలబడ్డారు. భర్త తలెత్తలేకపోతున్నాడు. అత్తగారు కళ్లొత్తుకుంటున్నారు.

"మూడు రోజులా! ఇంట్లో ఒక్కమాట చెప్పొద్దూ అమ్మాయ్?" అన్నారు మామగారు.

మందు మత్తింకా దిగలేదు. గోడలు నీళ్లమీద పడవల్లా ఊగుతున్నాయి. ఆ మత్తులో ఆమెకు భయం లేదు, కోపమూ లేదు. "చెప్పేదాన్నే మామయ్యా, ఎవరైనా అడిగితే" అని చిన్నగా నవ్వి మళ్లీ నిద్రలోకి జారుకుంది.

ముసలాయన మంచం పక్కన కూలబడ్డారు. కొడుక్కీ కూతురికీ కాదు, తనకే చెప్పుకుంటున్నట్టు అన్నారు.

"వీధిలో ఏ ఇంట్లో ఎందరున్నారో, ఎవరు ఏ గదిలో పడుకుంటారో నాకు కంఠతా వచ్చు. బాంబు పడితే శిథిలాల్లో ఎక్కడ తవ్వాలో కళ్లు మూసుకుని చెబుతాను. నా కోడలు మూడు రాత్రులు నిద్రపోలేదని మాత్రం నాకు తెలీదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు, ఊరికే అన్లేదు. ఊరిని కాపాడతామని బయల్దేరేవాళ్లు, ఇంట్లో నోరెత్తని మనిషిని 'నీకెలా ఉందమ్మా' అని అడిగి, జవాబు వినేదాకా ఆగి, అప్పుడు గడప దాటాలి."