బాపుకు వినపడనంత

మెల్లగా మాట్లాడడం అనే జబ్బు మా ఇంట్లోకి ఈ ఎండాకాలంలో వచ్చింది. తెచ్చింది నా బిడ్డ హారతి. పన్నెండో తరగతి పరీక్షలు అయిపోగానే, సెలవుల్లో ఖాళీగా కూర్చోనని మొండికేసి, రింగు రోడ్డు బట్టల మార్కెట్లో చీరలు విదేశాలకు పంపే ఒక ఆఫీసులో పనికి కుదిరింది. ఫిజీ నుంచి, మారిషస్ నుంచి, డర్బన్ నుంచి దుకాణాల వాళ్లు ఫోన్లు చేస్తారు. వాళ్లతో ఇంగ్లీషులో మాట్లాడి, ఏ చీర ఏ రంగుల్లో ఉందో చెప్పాలి. చేరి పట్టుమని పది రోజులు కాకముందే ఇంటికొచ్చి మాకు హుకుం జారీ చేసింది.

"బాపూ, ఇయ్యాల్టి సంది ఇంట్ల ఎవ్వలు గట్టిగ మాట్లాడద్దు. నాకు అలవాటు పోవాలె."

"ఏం అలవాటు?"

"ఒర్రుడు."

నాకు ఒళ్లు మండింది. ఒర్రుడట, అంటే అరవడమట. పెళ్లయిన ఏడాదే సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చినవాణ్ని, అప్పటినుంచీ సాంచాలు నడుపుతున్నాను. సాంచాలంటే మర మగ్గాలే. రేకుల షెడ్డులో అవన్నీ ఒక్కసారిగా కొట్టుకుంటుంటే పక్కవాడి చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. అందుకే లోపల మేం చేతులతో, పెదవులతో మాట్లాడుకుంటాం. పోగు తెగితే వేలు విరిచినట్టు చూపిస్తాం. సేఠు వస్తున్నాడంటే పొట్ట నిమురుకుంటాం. మిగతాదంతా ఎదుటివాడి పెదవులు చూసి పట్టుకుంటాం. బయటికి వచ్చాక మా చెవులు ఒక పట్టాన దారికి రావు కాబట్టి అరుస్తాం. నవాగామ్‌లో మా గల్లీ అంతా ఇంతే. పెళ్లి మాటలకైనా, పప్పులో ఉప్పు చాలలేదనడానికైనా ఒకటే గొంతు. కొత్తగా అద్దెకు దిగినవాళ్లు కొట్లాట అనుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడతారు. ఆ గొంతుల మధ్య పుట్టి పెరిగిన పిల్లకు ఇంకో గొంతు ఎక్కడినుంచి వస్తుంది?

హారతి ఇంగ్లీషుకు వంక పెట్టడానికి లేదట. దిండోలిలో ప్రసన్న టీచరు దగ్గర రెండేళ్లు నేర్చుకుంది. వంటింట్లో గిన్నెలతో, మేడ మీద ఆరేసిన బట్టలతో కూడా ఇంగ్లీషే మాట్లాడేది. తప్పంతా గొంతులోనే ఉందట. డర్బన్ నుంచి ఒకావిడ, నామీద ఎందుకమ్మా అంత కోపం అని అడిగిందట. మా పిల్లకు కోపమూ లేదు, పాడూ లేదు. గులాబీ రంగు అయిపోయిందని చెప్పింది, అంతే.

అప్పటినుంచి ఇల్లు ఇల్లులా లేదు. నేను నోరు తెరిస్తే "జర మెల్లగ బాపూ" అని చెయ్యి అడ్డం పెడుతుంది. మా ఆవిడ మంగ పొద్దంతా కూలికి చీరలకు మెరుపు రాళ్లు అంటిస్తుంది. ఆమె కూడా బిడ్డతో చేరి గుసగుసలు మొదలుపెట్టింది. ఇద్దరూ నవ్వుకుంటారు, ఎందుకో నాకు తెలియదు. హారతి ఫోను పట్టుకుని గోడవైపు తిరిగి ఇంగ్లీషు అప్పజెప్పుకుంటుంది. తెలుగు పెదవులు నాకు తెలుసు. హిందీ పెదవులు తెలుసు. గుజరాతీ అయితే సగం తెలుసు. ఇంగ్లీషు పెదవులు నాకు రావు. పోనీ చెవులతో విందామంటే ఆ గొంతు నాదాకా రాదు. నాకు వినపడడం లేదని చెప్పడానికి నామోషీ. అందుకని టీవీ గట్టిగా పెట్టి కూర్చునేవాణ్ని. వాళ్లు తగ్గిస్తే నేను మళ్లీ పెంచేవాణ్ని.

ఒక మంగళవారం ఆ పిల్ల టిఫిన్ డబ్బా మరిచిపోయి వెళ్లింది. రాత్రి పాళీ, అంటే రాత్రి షిఫ్టు, చేసి పడుకున్నవాణ్ని మంగ తట్టి లేపి, డబ్బా చేతిలో పెట్టింది. తిట్టుకుంటూ ఆ ఎండలో మార్కెట్‌కు పోయాను. ఆఫీసులో నన్ను గుమ్మం పక్క బల్ల మీద కూర్చోమన్నారు. హారతి అటువైపు తిరిగి ఫోన్లో ఉంది. నాకు ఎదురుగా అద్దాల గది. అందులో మేనేజరు హర్షద్‌భాయ్ ఇంకొకతనితో మాట్లాడుతున్నాడు. తలుపు బిగించి ఉంది, బయట ఎవరికీ ఏమీ వినపడదు. కానీ అతను మాట్లాడేది హిందీ, మొహం నావైపే ఉంది. సాంచాల మధ్య బతికినవాడికి అంతకంటే ఏం కావాలి?

పిల్ల మంచిదే అన్నాడు. ఇంగ్లీషు కూడా బాగుందన్నాడు. కానీ ఆ అరుపులకు పార్టీలు, అంటే సరుకు కొనేవాళ్లు, బెదిరిపోతున్నారన్నాడు. శనివారం దాకా చూసి, మారకపోతే వద్దని చెప్పేద్దామన్నాడు.

లోపలికి వెళ్లి నాలుగు మాటలు అడుగుదామని లేచాను. కానీ నా గొంతు వింటే పిల్లకు అది ఎక్కడినుంచి వచ్చిందో వాళ్లకు అక్కడికక్కడే తెలిసిపోతుంది. డబ్బా బల్ల మీద పెట్టి, దారి పొడుగునా ఆ హర్షద్‌భాయ్‌ని, డర్బన్ ఆవిణ్ని, ఫోను కనిపెట్టినవాణ్ని కలిపి తిట్టుకుంటూ ఇంటికి వచ్చాను.

సాయంత్రం హారతి రాగానే చెప్పేశాను. "శనివారం దాకనేనట నీ పని. గొంతు మారకుంటే వద్దంటరట."

"నీకెవలు చెప్పిండ్రు?"

"హర్షద్‌భాయే చెప్పిండు. అద్దం అవుతల నుంచి."

అది గోడకు ఆనుకుని కింద కూలబడింది. సెలవులయ్యాక కూడా ఉంచుకుంటే పొద్దున కాలేజీ, మధ్యాహ్నం ఆఫీసు అని ఎప్పుడో లెక్క వేసుకుంది. ఉంచుకోకపోతే అమ్మ పక్కన కూర్చుని రాళ్లు అంటించాలి.

"నేను రాళ్లు అంటియ్య బాపూ," అంది. ఈసారి గట్టిగానే అంది.

మంగ జిగురుతో గట్టిపడిన వేళ్లు చీరకు తుడుచుకుంది. "నువ్వు అంటియ్యద్దు బిడ్డా. ఈ ఇంటికి నా చేతి ఏళ్లు సాలు," అంది.

నేను టీవీ కట్టేశాను. "లే. ఎదురుంగ కూసో. నీ ఇంగ్లీషు మాట్లాడు. నాకు ఇనవడ్డదంటే ఎక్కువైనట్టు, చెయ్యి లేపుత. మీ అవ్వకు ఇనవడాలె, నాకు ఇనవడద్దు. గదే నీ లెక్క."

అది మొదలుపెట్టింది. చెయ్యి లేపాను. తగ్గించింది. మళ్లీ లేపాను. మరీ తగ్గిస్తే వాళ్లవ్వ మంగ తల అడ్డంగా ఊపింది.

"ఇంతకన్న మెల్లగ అంటే గాలే వస్తది, మాట రాదు," అని అది విసుక్కుంది.

"నా మీద ఒర్రుతవేందే?"

"నువ్వే ఒర్రుతున్నవ్."

ఇద్దరం ఒర్రుకుంటున్నామని మంగ ఒర్రింది. ఆ పూట పాఠం అంతటితో సరి. నేను విసవిసా పాళీకి పోయాను. రాత్రంతా పోగులు తెగుతూనే ఉన్నాయి.

మర్నాడు మళ్లీ కూర్చున్నాం. నా చెయ్యి లేస్తూనే ఉంది. ఒకోసారి మాట బాగానే ఉండేది గానీ, కొత్త రంగు పేరు చెప్పేటప్పుడు సంబరమొచ్చి గొంతు లేచిపోయేది. సంబరపడడం కూడా తప్పేనా అని దానికి కోపం. ఫోను పెట్టేసినంక సంబరపడు అని నాకు కోపం. ఆ పిల్లకు మొండితనం నానుంచే వచ్చిందని మంగ సాధింపు. ఇంత సతాయింపు నేను సాంచాల దగ్గర కూడా పడలేదు.

శుక్రవారం సాయంత్రం చాలాసేపు నా చెయ్యి మోకాలి మీదే ఉండిపోయింది. హారతి పెదవులు కదులుతున్నాయి. చేతులు తిప్పుతోంది, మధ్యలో చిన్నగా నవ్వుతోంది, ఏదో చీర కొంగు చూపిస్తున్నట్టు వేళ్లు జారుస్తోంది. నేను మంగవైపు చూశాను.

"నాకు సాఫ్ ఇనవడ్తంది," అంది మంగ. "ఎంత మంచిగ మాట్లాడుతందయ్యా."

నాకు ఒక్క ముక్క వినపడలేదు. అది గెలిచింది. సంతోషపడాల్సిన చోట నాకు ఏడుపొచ్చింది. పుట్టినప్పటి దీని ఏడుపు నుంచి నిన్నటి కోపం దాకా అన్నీ విన్నాను. ఇక దీని మంచి మాటలన్నీ ఎక్కడో డర్బన్‌లో ఎవరో వింటారు, నేను ఎదురుగా కూర్చుని చూస్తూ ఉండాలి. పాళీకి టైమైందని లేచి చెప్పులేసుకున్నాను.

శనివారం సాయంత్రం గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఎదురింట్లో కొత్తగా దిగినవాళ్లు బియ్యం ఏరుకుంటున్నారు. హారతి గల్లీ మలుపు తిరిగింది. నడక చూసి ఏమీ తెలియలేదు. వచ్చి నా ముందు నిలబడి ఏదో అంది. పెదవులు ఇంగ్లీషులో కదిలాయి.

"ఏంది?"

మళ్లీ అంది. అదే మెత్తని గొంతు, చక్కగా నేర్చుకున్న గొంతు. ఉంచుకున్నారో, వద్దన్నారో తెలియదు. నామోషీ అయితే అయిందనుకున్నాను.

"నాకు ఇనవడ్తలేదు బిడ్డా," అన్నాను. ఆ మాట ఇంట్లో అనడం అదే మొదటిసారి. "నీదే కాదు, మీ అవ్వ మాట గూడ ఇనవడ్తలేదు. శాన దినాలాయె."

హారతి మొహం మారిపోయింది. తర్వాత చున్నీ నడుముకు బిగించి, ఊపిరి తీసుకుని, గల్లీ ఈ చివర నుంచి ఆ చివరకు వినపడేలా ఒర్రింది.

"బాపూ, ఉంచుకున్నరు. సెలవులైనంక గూడ రమ్మన్నరు."

తలుపులు తెరుచుకున్నాయి. ఎదురింటివాళ్లు చేటలు పట్టుకునే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. లోపలి నుంచి మంగ జిగురు వేళ్లతోనే పరుగెత్తుకొచ్చింది.

"జర మెల్లగ," అన్నాను కళ్లు తుడుచుకుంటూ. "కొట్లాట అనుకుంటరు."

"అనుకోనీ," అని, హర్షద్‌భాయ్ ఏమన్నాడో, తను ఏం చెప్పిందో, డర్బన్ ఆవిడ ఎంత మెచ్చుకుందో అన్నీ అదే గొంతుతో మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. నాకు అంతా వినపడింది.