బియ్యం డబ్బాలో బూట్లు

మూడు రోజులు వరుసగా అమర్‌కు ల్యాంపు దొరకలేదు. భూపాలపల్లి బొగ్గుబాయిలో దిగే ప్రతి మనిషీ తన నంబరు బిళ్ల ఇచ్చి, తలకు పెట్టుకునే దీపం తీసుకోవాలి. అది లేనిదే లోపలికి పోనివ్వరు. ల్యాంపు రూంలో పనిచేసే గీత, చార్జింగ్ ఎక్కలేదని అతన్ని తిప్పి పంపింది. పది రోజుల కిందటే బిడ్డ పుట్టిన మనిషి, మూడు నాగాలు పడ్డాయి పాపం. నాలుగో రోజు ఇన్‌చార్జి వెంకట్రాం వెతికితే ఆ దీపం గీత టిఫిను సంచిలోనే దొరికింది, నిండా చార్జింగుతో.

వెంకట్రాం మంచివాడు కాబట్టి కాగితం మీద పెట్టలేదు. బుధవారం బుధవారం జనగామ నుంచి కౌన్సెలింగు మేడం వస్తుంది, వెళ్లి కలువమన్నాడు. ఇంకోసారి ఇట్లా జరిగితే మాత్రం పైకి రాయక తప్పదన్నాడు.

గీత పోనంది. ఆ గదిలోకి పోతే పిచ్చిదని రాసి అన్‌ఫిట్ చేస్తారని కాలనీ ఆడవాళ్లందరి భయం. అన్‌ఫిట్ అంటే ఉద్యోగం పోయినట్టే. రెండేళ్ల కింద బాయిలో బండ కూలి భర్త బలరాం పోతే వచ్చిన ఉద్యోగం అది. కూతురి చదువూ, ఇల్లూ దాని మీదే నడుస్తున్నాయి.

అత్త కొమురమ్మ అంతా విన్నది. పోయినవాడు ఆమెకు కొడుకు.

“బుధవారం నేను గూడ వస్త బిడ్డా,” అన్నది. “నన్నయితే ఎవ్వలు అన్‌ఫిట్ చెయ్యరు గద.”

ఆ మేడం పేరు పల్లవి, చిన్న పిల్లే. ఇక్కడ చెప్పింది ఏ ఆఫీసుకూ పోదని ముందే చెప్పింది. గీత నేల చూస్తూ కూర్చుంది. అప్పుడు కొమురమ్మ అందుకుంది.

ముప్పై ఏళ్ల కింద మొగుళ్లపల్లి నుంచి ఈ క్వార్టర్లకు వచ్చినప్పటి సంగతి. మధ్యాహ్నం నల్లా దగ్గర ఆడవాళ్లంతా బొగ్గు బట్టలు ఉతికేవాళ్లు. ఎంత పిండినా నల్లటి నీళ్లే. ఆ నీళ్లలో కాళ్లు పెట్టుకొని ఎవరి కడుపులోది వాళ్లు చెప్పుకునేవాళ్లు. మొగుడు బాయికి లేవకూడదని పుష్పమ్మ అలారం గడియారం తిప్పి పెట్టేదట. మొగుడు రెండో షిఫ్టుకు పోయే వారమంతా రుక్కికి కడుపునొప్పే. ఒకతె చెప్పి ఏడిస్తే ఇంకొకతె చెప్పి నవ్వించేది. ఆ నల్లా ఇప్పుడు లేదు, ఇంటింటికీ వాషింగ్ మిషన్లు వచ్చాయి.

“మరి మీరేం చేసేవారమ్మా?” అని పల్లవి అడిగింది.

“నేనా? ఆయన బూట్లు బియ్యం డబ్బల దాసిన మేడం. ఆ దినం నాగా పడ్డది. బియ్యంల బొగ్గు, బొగ్గుల బియ్యం. సాయంత్రం దొరికినయ్. ఆయన ఒక్క మాట అనలే. తెల్లారి బూట్లు నా చేతికిచ్చి, ‘నువ్వే ఇయ్యి, మల్ల తెచ్చి నీ చేతుల్నే పెడ్త’ అన్నడు. రిటైరయ్యేదాక గట్లనే పెట్టిండు.”

నవ్వుతూ చెబుతున్నదల్లా కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆమె భర్త ముత్తయ్య ఇరవై ఆరేళ్లు బూట్లు తెచ్చి ఇచ్చాడు. బలరాం రెండేళ్ల కింద ఒక రోజు తేలేదు.

అప్పుడు గీత నోరు తెరిచింది.

“నేనిచ్చిన ల్యాంపు పట్టుకపోయినోడు రాకపోతే, నేనే పంపినట్టు గాదా మేడం?”

పల్లవి నీళ్ల గ్లాసు ఆమె దగ్గరికి జరిపి, ఇంకా చెప్పమన్నది. గంట దాటింది.

మరునాడు గీత ఫస్టు షిఫ్టు నుంచి వచ్చి చెప్పులు విడువకముందే చెప్పింది. పొద్దున అమర్‌కు ల్యాంపు ఇచ్చిందట. మళ్లీ తెచ్చి నా చేతికే ఇయ్యి అని అమర్‌తో అన్నదట.

“తెచ్చిండా?” అడిగింది కొమురమ్మ.

“మూడింటికి తెచ్చి నా చేతుల పెట్టిండు అత్తమ్మా. బిళ్ల ఇచ్చిన. వచ్చే బుధవారం గూడ రమ్మన్నది మేడం.”

“నేను గూడ వస్త. పుష్పమ్మ గడియారం ముచ్చట సగమే చెప్పిన,” అంటూ కొమురమ్మ బియ్యం డబ్బా మూత తీసింది.