కాలర్ లోపలి నంబరు

మా ఆయన చొక్కాల కాలర్ లోపల నా ఫోన్ నంబరు కుట్టడం నా పని. ఒకసారి పాలకని వెళ్ళిన మనిషి ఇంటిదారి మర్చిపోయి సాయంత్రానికి గానీ దొరకలేదు. అప్పటినుంచి ఆయన గుమ్మం దాటితే చాలు, ఇదే ఆఖరి చూపేమోనని నాకు భయం. ఈసారి సూదిలో దారం ఎక్కించడానికి పక్కింటావిడను పిలవాల్సి వచ్చింది. నాకు రెండు కళ్ళకూ శుక్లాలు. పొట్లాల కాగితాలు చదివి చదువు నేర్చుకున్నదాన్ని. "చదివి ఎవర్ని ఉద్ధరిస్తావే?" అనేవారు ఆయన, బుద్ధి తెలిసి ఉన్న రోజుల్లో. ఇప్పుడు పుస్తకం తెరిస్తే అక్షరాలన్నీ చీమలబారు.

ఆపరేషన్ మూడుసార్లు వాయిదా పడింది. ఆపరేషనయ్యాక వారం రోజులు ఆయన్ని చూసుకోవడానికి ఎవరికీ తీరిక లేదు. రిటైరై ఆరేళ్ళయిన మా మరిదికి అసలే లేదు. "ఇంట్లో ఉండేదానివేగా వదినా, కళ్ళతో నీకంత అర్జెంటు పనేముంది?" అన్నాడు.

ఆ మహానుభావుడే ఆదివారం డిమెన్షియా అవగాహన సభలో వక్త. జనానికి చూపించడానికి మమ్మల్నిద్దరినీ వేదికెక్కించాడు. "మా అన్నయ్యని కుటుంబమంతా కంటికి రెప్పలా కాచుకుంటున్నాం! సేవ చేసేవాళ్ళకి విశ్రాంతి కావాలి, సమాజం ఆదుకోవాలి!" అన్నాడు. చప్పట్లు మోగాయి. పక్కనే అన్నయ్య ప్యాంటు తడిసిన సంగతి ఆ రెప్పకు తెలియలేదు. నేనే తీసుకెళ్ళి మార్చుకొచ్చాను.

రాగానే మరిది నా చేతిలో మైకు పెట్టాడు. "రెండు ముక్కలు చెప్పు వదినా. ఏడవకు."

"రెండే చెబుతాను," అన్నాను. "రేపు పొద్దున నా కంటి ఆపరేషన్. ఈ వారమంతా ఆయన మా మరిది దగ్గరుంటారు."

వెనక వరుసల్లో ఆడవాళ్ళు ముందుగా చప్పట్లు కొట్టారు. మరిది నవ్వక తప్పలేదు.

బట్టల సంచి అతని ఒళ్ళో పెట్టాను. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. "మళ్ళీ ఎప్పుడొస్తారండీ?" అని అడిగారు, నన్నెవరో పరాయి మనిషి అనుకుని. అయినా ఆయన వేళ్ళు ఒక్కొక్కటే విడిపించుకుని మెట్లు దిగాను.

"వదినా! మాత్రలెప్పుడెయ్యాలి?" మరిది గొంతు తగ్గించి పిలిచాడు.

"సంచిలో కాగితముంది, చదువుకో. నీ కళ్ళు బానే ఉన్నాయిగా."

"ఎటైనా వెళ్ళిపోతే? నీకెవరైనా ఫోన్ చేస్తే..."

"చెయ్యరు," అన్నాను. "ఈసారి నీ నంబరే కుట్టాను."