అప్ప ఇచ్చిన ధైర్యం

1999 డిసెంబరులో కాశమ్మకు గర్భసంచి క్యాన్సరని తేలింది. ఆపరేషన్ చేసి సంచి తీసేశారు. రేడియేషన్ కరెంటు పెట్టించుకోవాల్సిన పని కూడా లేదన్నారు. రెండు నెలలు తిరిగేసరికి ఆవిడ గాజువాక మార్కెట్లో చేపలు బేరమాడుతూ కనిపించింది. క్యాన్సరంటే ఇంతేనని అప్పుడే తీర్మానించుకుంది.

2003 వేసవిలో చెల్లెలు నూకాలు వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించింది.

"అప్పా, ముట్టాగి పదేళ్లయింది. మళ్లీ మరక కనపడతంది."

"నాకూ ఇలాగే కదేటి. సంచి తీసీసినారు, అయిపోయింది. ముందు మీ కోడలి పురుడు కానీ. తర్వాత నాను తీసుకెల్తాను," అంది కాశమ్మ.

నూకాలు కొడుకు సాయిశంకర్‌కు కూతురు పుట్టింది. బారసాల అయింది. నాలుగు నెలలు గడిచిపోయాయి. నూకాలుకు పొట్ట ఉబ్బడం మొదలయ్యాకే అక్కచెల్లెళ్లు డాక్టరు ఆశాజ్యోతి దగ్గరికి వెళ్లారు.

సంచిలోంచి ముక్క తీసి చేసిన పరీక్ష రిపోర్టు వచ్చిన రోజు డాక్టరమ్మ కాశమ్మను ఒక్కదాన్నే లోపలికి పిలిచింది.

"మీది లోపలి పొర మందమై మెల్లగా పెరిగే రకం. సంచి దాటకముందే దొరికింది. మీ చెల్లెలిది సీరస్ అనే రకం. సంచిలో చిన్నదిగా ఉండగానే కడుపులోకి పాకేస్తుంది. పేరొక్కటే గాని, రెండూ వేరమ్మా."

"నాలుగు నెలల ముందు తెచ్చుంటే?"

డాక్టరమ్మ రిపోర్టు మూసింది. "అప్పటికే పాకి ఉండొచ్చు. ఉండకపోవచ్చు. నేను చెప్పలేను."

ఆపరేషన్ చేశారు. కీమో మొదలుపెట్టారు. కాశమ్మ చెల్లెలికి కాళ్లు పట్టేది, గంజి తాగించేది, మొహంలోకి మాత్రం చూడలేకపోయేది. మూడో కీమో నాడు ఇక దాచుకోలేకపోయింది.

"నానే ఆపీసినానే నిన్ను. అన్నీ తెలిసినట్టు సెప్పీసినాను."

నూకాలు కళ్లు తెరవలేదు. "నాకూ ఆస్పత్రంటే బయమే అప్పా. ఎవరైనా ఇప్పుడొద్దంటే బాగుండుననుకున్నాను. నువ్వన్నావు." మళ్లీ తనే అంది, "ఇంకెవరికీ అలా సెప్పకు."

2004 నవంబరులో నూకాలు పోయింది.

మరుసటి నెల కాశమ్మ పరీక్షకు వెళ్లింది. ఐదేళ్లు నిండాయని, జబ్బు ఆనవాలు లేదని డాక్టరమ్మ చెప్పింది. ఆ సాయంత్రం సాయిశంకర్ ఫోన్ చేశాడు.

"పెద్దమ్మా, రిపోర్టులో ఏటొచ్చింది?"

తల్లిని పోగొట్టుకున్నవాడికి తనకేమీ లేదని చెప్పడానికి కాశమ్మకు మనసొప్పలేదు.

"ఇంకా ఇవ్వలేదురా," అని ఫోన్ పెట్టేసింది.