బెత్తెడు తక్కువ బల్ల

ఏడాదికొక్క రోజు ఆ నగరంలో బండ్లు తిరగవు. ఆ రోజు రోడ్లన్నీ మనుషులవే. ఒక వీధివాళ్ళు బ్యాండు పెడతారు, ఇంకో వీధివాళ్ళు గోడల నిండా బొమ్మలు వేస్తారు, వంతెన పక్క వీధిలో ముసలివాళ్ళంతా కలిసి నాటకం ఆడి మాటలు మరిచిపోతే చూసేవాళ్ళే అందిస్తారు. మన కథ జరిగిన వీధిది మాత్రం తిండి గోల. ఇంటికో బల్ల తెచ్చి నడిరోడ్డు మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే వరసగా వేసి, వీధి వీధంతా ఒక్క పంక్తిలో కూర్చుని తింటారు. ముప్పై ఎనిమిది ఇళ్ళు, ముప్పై ఎనిమిది బల్లలు. ఇందులో గొప్పేముంది అంటారేమో. ఉంది, ఆగండి.

వడ్డనకు ముందు పై చివరి ఇంటివాళ్ళు తమ బల్ల మీద ఒక కర్రబంతిని పెట్టి తోస్తారు. ఎవరి ముందుకొస్తే వాళ్ళు దాన్ని వేలితో తోసి పక్క బల్ల మీదికి పంపాలి. చేత్తో ఎత్తకూడదు. అది ఎక్కడా ఆగకుండా కింది చివరికి చేరితేనే అన్నం, లేకపోతే మళ్ళీ మొదటికి! మరి ముప్పై ఎనిమిది ఇళ్ళ బల్లలు ఒకే ఎత్తున ఉంటాయా? చచ్చినా ఉండవు. పొట్టివాటి కాళ్ళ కింద చెక్కముక్కలు పెట్టి, వరసనంతా ఒక మట్టానికి తెచ్చేవాడు ఆ వీధి వడ్రంగి. అసలు పేరు ఇంట్లోవాళ్ళకైనా గుర్తుందో లేదో గానీ, వీధికంతటికీ అతను రసమట్టం బాబాయి. నీటిబుడగ ఉన్న ఆ చిన్న పసుపుపచ్చ బద్ద జేబులో లేకుండా అతన్ని ఎవరూ చూసి ఎరగరు. పెళ్ళినాడు కూడా జేబులో పెట్టుకున్నాడని అతని భార్య ఇప్పటికీ ఏడిపిస్తుంది.

మూడేళ్ళ కిందట ఆ బాబాయి ఒక ఘనకార్యం చేశాడు. అది చెప్పకపోతే కథే లేదు.

అదే వీధి కింది చివర అతని అక్క టైలరు షాపు ఉంది. వెనక రెండు గదుల్లో కాపురం, ముందు గదిలో మిషన్లు. తల్లి పోయినప్పుడు ఇతనికి ఆరేళ్ళు, అక్కకు పదహారు. తమ్ముణ్ణి కడుపులో పెట్టుకుని చూసుకుంది. చొక్కాలు కుట్టి తొడిగింది, అల్లరి చేస్తే వీపు విమానం మోత మోగించింది, తనకు పెళ్ళయ్యాక మొగుడి చేతుల్లో పెట్టి పని నేర్పించింది. ఆ బావ దగ్గరే ఇతను మొదటిసారి రంపం పట్టాడు. ఆ బావే పెళ్ళయిన కొత్తలో భార్యను నిలబెట్టి, నడుము ఎముక దాకా కొలిచి, వంగే పని లేకుండా గుడ్డ కత్తిరించుకోమని ఒక బల్ల చేసి ఇచ్చాడు. ముప్పై ఏళ్ళు ఆమె దాని ముందు నిలబడే బతికింది. బావ పోయినా బల్ల ఉంది.

ఆ ఏడు పండగ ముందురోజు అక్క వాళ్ళ భోజనాల బల్ల కాలు విరిగింది. సరే, ఒక్కపూటకేగా అని ఆమె మట్టాలు చూడడం అయిపోయాక ఈ కత్తిరింపు బల్లనే బయట వేయించింది. తను లోపల మిషను మీద రంగుజెండాల అంచులు కుడుతూ కూర్చుంది. బయట బంతి వదిలారు. అన్ని బల్లలూ దాటి దొర్లుకుంటూ వచ్చింది, సరిగ్గా అక్క బల్లకు కొట్టుకుని ఆగిపోయింది. మిగతా వరసకన్నా బెత్తెడు ఎత్తు! ఇంకో గంటలో నగరం కమిటీవాళ్ళు వస్తారు, బాగా చేసిన వీధికి జెండా ఇచ్చిపోతారు. జనమంతా బాబాయి మొహం వైపు చూశారు. ముప్పై ఏడు బల్లలను బెత్తెడు లేపడమా, ఒక్క బల్లను బెత్తెడు తగ్గించడమా?

బల్ల తిరగేశాడు. రంపం తీశాడు. నాలుగు కాళ్ళూ సరసరా కోసి అవతల పారేశాడు.

బంతి దొర్లింది. జెండా వచ్చింది. బాబాయిని భుజాలకెత్తుకుని వీధంతా ఊరేగించారు. అక్క బయటికొచ్చి బల్ల చూసింది, పైనున్న తమ్ముణ్ణి చూసింది. తిట్టినా బతికిపోయేవాడు. ఆవిడ ఒక్క మాటనలేదు. బల్ల లోపలికి మోయించుకుని తలుపేసుకుంది. అంతే! ఆనాటి నుంచి అక్కా తమ్ముళ్ళది ఎడముఖం పెడముఖం.

"బల్లకేనా ఇంత! నేను కోసింది చెక్కను గానీ ఆవిణ్ణి కాదుగా" అని మొదట్లో బాబాయి ఎగిరాడు. తర్వాత ఎగరడం మానేశాడు. రెండు పండగలు వచ్చిపోయాయి. రెండుసార్లూ అక్క తలుపు మూసే ఉంది. ఆ ఇంటి ముందు ఖాళీలో ఒక పలక అడ్డం వేసి బంతిని దాటించేవాడు. బంతి దాటేది, జెండా వచ్చేది, అతనికే ముద్ద దిగేది కాదు. ఎందుకు తినడం లేదని ఎవరైనా అడిగితే కూరలో ఉప్పెక్కువైందని వంట చేసినవాళ్ళ మీదికి తోసేవాడు. మనిషి మంచివాడే, నోరే మంచిది కాదు.

ఈ ఏడు పండగ ఇంకా నాలుగు రోజులుందనగా అతని భార్య బజారు నుంచి వస్తూనే సంచీ కిందపడేసింది.

"ఏమండీ, విన్నారా? వదిన షాపు ఎత్తేస్తోందట. పండగ మర్నాడే సామాను సర్దుకుని కూతురి దగ్గరికి వెళ్ళిపోతుందట."

"ఏం, ఏమొచ్చింది?"

"నడుమొచ్చింది! కింద చెక్కముక్కలు పెడితే ఊగుతోందని మూడేళ్ళుగా ఆ పొట్టి బల్ల మీద వంగి వంగి కత్తిరించింది కదూ. ఇప్పుడు పొద్దున లేవాలంటే గోడ పట్టుకోవాల్సి వస్తోందట."

బాబాయి లేచి వెళ్ళి షెడ్డులో దూరాడు. కాసేపటికి చిత్రిక పట్టిన చప్పుడు వినిపించింది. రెండు రోజులు పండగ పని పక్కనపెట్టి, మంచి గట్టి చెక్క తీసి, నాలుగు కొత్త కాళ్ళు చేశాడు. బావ చేసినట్టే, కింద సన్నగా పైన లావుగా. నూనె పట్టించి, ఎండలో పెట్టి, వాటిని చూసుకుని మురిసిపోయాడు. ఆ మురిపెం ఎంతసేపు? భార్య టీ తెచ్చేదాకా.

"బాగున్నాయి. ఏ కొలతకు చేశారు?"

"అందాజుగా."

"అందాజా! మీరా! గ్లాసెడు మంచినీళ్ళు పెట్టాలన్నా మట్టం చూసుకునే మనిషి!"

"పాత కొలత ఎవరికి తెలుసే? కోసిన ముక్కలు ఆనాడే పారేశాను. అయినా తర్వాత చూసుకోవచ్చు. రేపు మధ్యాహ్నం దారం కొనడానికి బయటికెళ్తుందిగా, ఆ గంటలో వెళ్ళి గుట్టుచప్పుడు కాకుండా బిగించేసి వస్తాను. వచ్చి చూసుకుంటే తనకే తెలుస్తుంది."

భార్య టీ గ్లాసు ఠక్కున పెట్టింది. "మీకు బుద్ధి ఎప్పుడొస్తుందండీ? కోసేటప్పుడూ ఆవిణ్ణి అడగలేదు, అతికించేటప్పుడూ అడగరా? బల్ల ఆవిడదా, మీదా?"

బాబాయి టీ తాగి, కాళ్ళు నాలుగూ తీసి గుమ్మం పక్కన నిలబెట్టాడు.

మర్నాడు, అంటే పండగకు ముందురోజు, నాలుగు కాళ్ళూ చంకన పెట్టుకుని బయలుదేరాడు. పక్క వీధిలో బ్యాండువాళ్ళు పొద్దుట్నుంచీ ఒకే పాట తప్పు వాయిస్తున్నారు. నిచ్చెనలెక్కి దీపాలు కట్టేవాళ్ళు కింద ఉన్నవాళ్ళను తిడుతున్నారు, కిందవాళ్ళు పైవాళ్ళను. అప్పుడే కొందరు బల్లలు కడిగి గుమ్మాల్లో ఆరబెట్టారు. "బాబాయ్, ఈసారీ జెండా మనదేగా!" అని ప్రతి గుమ్మం నుంచీ కేక. అతను వినిపించుకోలేదు. అక్క షాపు దాకా వెళ్ళాడు, ఆగకుండా దాటిపోయాడు. వీధి చివర తిరిగి వచ్చాడు, మళ్ళీ దాటిపోయాడు.

"మూడోసారి కూడా దాటావంటే నేనే మెడపట్టి లోపలికి తోస్తాను" అన్నాడు ఎదురుకొట్టు ఇస్త్రీ అతను, పెట్టె ఎత్తకుండానే.

లోపల అక్క బల్ల మీద వంగి గుడ్డ కత్తిరిస్తోంది. మెడలో టేపు, చెవి వెనక సుద్దముక్క. సగం గోడలు అప్పుడే ఖాళీగా ఉన్నాయి, మూలన రెండు అట్టపెట్టెలు కట్టి ఉన్నాయి. బాబాయి గుమ్మం దాటి లోపలికొచ్చాడు.

ఆమె తలెత్తలేదు. "కుట్టినవి తీసుకెళ్ళడానికొచ్చారా, కొలతలివ్వడానికొచ్చారా?" అంది.

మీరు! తనకు ముక్కు తుడిచిన అక్క తనను 'మీరు' అంటోంది. ఇంతకన్నా రెండు దెబ్బలు వేసినా బాగుండును.

"కొలత తీసుకోవడానికొచ్చానక్కా" అన్నాడు.

"ఎవరిది?"

"నీది. బల్లకు కాళ్ళు చేశాను. నువ్వు సరేనంటేనే వేస్తాను. వద్దంటే పట్టుకుపోతాను."

కత్తెర ఆగింది. ఆమె ఆ కాళ్ళలో ఒకదాన్ని చేత్తో తడిమి, కింది సన్నం దగ్గర వేలు ఆపింది. తర్వాత చెప్పులు విడిచి గోడ దగ్గరికి వెళ్ళి నిలబడింది. అతను జేబులోంచి ఇనుపటేపు తీసేసరికి కసిరింది.

"దాంతో మనిషిని కొలుస్తారట్రా, వెధవాయ్? ఇదిగో నాది పట్టు."

'రా' అంది, 'వెధవాయ్' అంది. బాబాయికి ప్రాణం లేచొచ్చింది. మోకాళ్ళ మీద కూర్చుని, మడమ దగ్గర టేపు ఆనించి, పైకి లాగాడు.

"కొంచెం నిటారుగా నిలబడక్కా."

"నిటారుగానే ఉన్నాన్రా."

అతను తలెత్తి చూశాడు. వీపు గోడకు ఆనలేదు. ఆనించాలని ఆమె చూస్తోంది, ఆనడం లేదు. టేపు మీది అంకెలు అలుక్కుపోయాయి. అక్కడే, ఆమె పాదాల దగ్గరే, అంత మనిషీ వెక్కి వెక్కి ఏడ్చాడు.

"తప్పయిపోయిందక్కా. బావ చేసిన బల్లని..."

"ఛ, లే! బల్లదేముందిరా, చెక్క. మీ బావే ఉంటే ఇంకోటి చేసేవాడు." ఆమె అతని తల మీద చెయ్యి వేసింది. "నేను పక్కగదిలోనే ఉన్నాన్రా ఆనాడు. పదడుగులు లేవు. ఒక్కసారి తొంగిచూసి, 'అక్కా, పరువు పోయేట్టుంది, కొయ్యనా' అని అడిగితే కాదనేదాన్నా? నేనే వచ్చి పట్టుకునేదాన్ని కదరా. నువ్వు కోస్తుంటే నేను పట్టుకునేదాన్ని. చిన్నప్పట్నుంచీ నీకు నేను పట్టుకోని పని ఏదైనా ఉందా? ఊరందరూ చూశారు, నేనే చూడలేదు. వచ్చేసరికి నువ్వు ఎవరి భుజాల మీదో ఉన్నావు."

అతను టేపు మళ్ళీ మడమ దగ్గర ఆనించబోయాడు.

"కళ్ళు తుడుచుకో. కొలత తప్పుతుంది" అంది అక్క.

కొలత కుదిరింది. కొత్త కాళ్ళ పక్కన టేపు పెట్టి చూసుకున్నాడు. అవి బావ పెట్టిన ఎత్తు ఇంత ఉండొచ్చని అందాజుగా చేసినవి. ఇప్పటి అక్కకు రెండు వేళ్ళు ఎక్కువ. ఆ సంగతి అతను చెప్పేలోపే ఆవిడే చూసి తెలుసుకుంది.

"అయినా రేపు వరసకు రెండు వేళ్ళు ఎత్తే వస్తుందిరా. బంతి ఆగిపోతుంది. పోనీ భోజనాలయ్యాక బిగించకూడదూ?"

"ఇవాళే బిగిస్తాను. మిగతా ముప్పై ఏడూ లేపుతాను. ఆనాడు చెయ్యాల్సిన పని అదే."

"ఒక్క పూటలో అయ్యే పనేనా?"

"అయినంత అవుతుంది. కాకపోతే బంతి ఆగుతుంది, జెండా బ్యాండు వీధివాళ్ళు పట్టుకుపోతారు. పాపం, వాళ్ళూ ఏడుస్తున్నారు మూడేళ్ళుగా. నువ్వు వచ్చి కూర్చుంటావా, కూర్చోవా? అది చెప్పు. ఆ పెట్టెలు విప్పుతావా?"

"ముందు ఎత్తు కుదరనీ" అంది అక్క, నవ్వు దాచుకుంటూ. ఆవిడ సంగతి తెలిసినవాళ్ళకు అది ఔననే.

అతను నాలుగు కాళ్ళనూ పక్కపక్కనే పేర్చి, సుద్దముక్కతో ఒకే గీత గీశాడు. సంచీలోంచి రంపం తీసి గీత మీద పెట్టాడు. పెట్టి, ఆగాడు.

"అక్కా, కొయ్యనా?"

అక్క వచ్చి ఎదురుగా నిలబడి, రెండు చేతులతో కాళ్ళను గట్టిగా అదిమిపట్టుకుంది.

"కొయ్యి" అంది.