కాలరు దాటిన జుట్టు

మా పోలీసు స్టేషన్లో నన్ను సణుగుడు హెడ్డు అంటారు. నా వెనకాల అంటున్నామనుకుంటారు గానీ నా చెవులు బాగానే పనిచేస్తాయి. పనిచేయనివి మోకాళ్లు. రోగం వచ్చిందని ఊరంతా ఇళ్లల్లో కూర్చుంటే, కూర్చున్నారా లేదా అని చూడడానికి మేము ఊరంతా తిరిగాము. ఎండలో బారికేడు పక్కన నిలబడి వచ్చినవాణ్ణల్లా "ఎక్కడికి?" అనడం, వాడు "మందులకి" అనడం, ఇదే పని. ఒకే మందుల చీటీని వీధి వీధంతా వంతులవారీగా వాడుకుంటోందని నాకు తెలుసు. చూసీ చూడనట్టు ఊరుకున్నాను. అరిచీ అరిచీ గొంతు పోయింది, అరవాలన్న కోరిక అంతకుముందే పోయింది.

మూసేయాల్సిన కొట్ల పేర్లతో ఉత్తర్వు వచ్చినప్పుడు అందులో కటింగ్ షాపు ముందు వరసలోనే ఉంది. మనిషి మొహం మీద చెయ్యి వేయందే జరగని పని కదా. మా స్టేషను వెనక వీధిలో ఒక కటింగ్ షాపు ఉంది. దాని యజమాని కుర్చీలో కూర్చున్నవాణ్ణల్లా "తల వంచు బావా" అంటాడు. అందుకని ఊరంతా అతన్ని బావ అనే పిలుస్తుంది. ఒకసారి మా ఇన్‌స్పెక్టర్‌ని కూడా అలాగే అనేసి నాలుక కరుచుకున్నాడు. ఆ లెక్కన అతని భార్య నాకు చెల్లెలు. వాళ్ల కాపురం ఆ షాపు మీద గదిలోనే.

షాపు మూసినా బావ ఆగలేదు. ఆగితే పొయ్యి ఎలా వెలుగుతుంది? ఓ పొద్దున ఆ వీధిలోంచి వెళ్తుంటే సగం దించిన షట్టరు కింద నాలుగు కాళ్లు కనిపించాయి. రెండు నిలబడి ఉన్నాయి, రెండు కుర్చీ మెట్టు మీద హాయిగా ఉన్నాయి. నాతో ఉన్న జీపు డ్రైవరు కూడా చూశాడు కాబట్టి నేను చూడనట్టు పోవడానికి లేకపోయింది. షట్టరు ఎత్తాను. సగం తల నున్నగా, సగం తల పొదలా ఉన్న మనిషి నా పక్కనుంచి అలాగే పరిగెత్తి పారిపోయాడు. కేసు రాశాము. మొదటిసారి కాబట్టి జరిమానా. రెండోసారి దొరికితే లైసెన్సు రద్దు చేసి షాపుకి సీలు వేస్తామని కాగితం మీద బావ చేత సంతకం పెట్టించింది నేనే.

"ఇక దొరకను బావా" అన్నాడు.

"దొరక్కు. దొరికితే నేనేం చేయలేను, నా చేతిలో ఏమీ లేదు" అన్నాను.

మాట నిలబెట్టుకున్నాడు. షట్టరు పూర్తిగా దింపేసి, మేడ మీద కిటికీ దగ్గర కూర్చుని వీధిని చూస్తుండేవాడు. వెంట్రుక కూడా కత్తిరించలేదు. అతన్ని మళ్లీ ముంచింది మేము.

సంగతేమిటంటే, ఊళ్లో కటింగ్ షాపులన్నీ మూయించాము గానీ పోలీసు జుట్టు ఎంత ఉండాలనే రూలు మాత్రం ఎవరూ మూయలేదు. జుట్టు చెవిని తాకకూడదు, కాలరు దాటకూడదు. పైనుంచి పెద్దసారు తనిఖీకి వస్తున్నాడని ఫోనొచ్చింది. ఆయన పద్ధతి అందరికీ తెలుసు. వరసలో నిలబెట్టి టోపీలు తీయిస్తాడు. వెనక నుంచి మెడ మీద రెండు వేళ్లు పెట్టి చూస్తాడు. వేళ్లకి జుట్టు చిక్కిందా, ఇంక్రిమెంటు ఆగిపోయినట్టే. మేమేమో వారాల తరబడి రోడ్డు మీద ఉన్నవాళ్లం, ఒక్కొక్కడి తల పక్షి వదిలేసిన గూడులా ఉంది. ఇన్‌స్పెక్టర్ అందరినీ ఒకసారి కలయజూసి తల పట్టుకున్నాడు. ఆ తల కూడా అలాగే ఉంది.

"వెనక వీధి వాణ్ణి పిలిపించు" అన్నాడు నాతో.

"సార్, వాడి మీద ఒక కేసుంది. మళ్లీ కత్తెర పడితే షాపు పోతుంది."

"పట్టుకునేదెవరు? మనమేగా. మనం పట్టుకోకపోతే సరి."

ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, అప్పుడు నాకూ అది సబబుగానే అనిపించింది. జీపు పంపాము. బావ వచ్చాడు. కత్తెర సంచీ పొట్టకి అదుముకుని గుమ్మంలో నిలబడి నా వైపు చూశాడు. "నిజంగానేనా బావా? తర్వాత నా మీదకి రాదు కదా?" అని అడిగాడు. రాదన్నాను. వెనక గదిలో బెంచీ వేశాము. వరసగా కూర్చున్నాము. మాస్కు తాళ్లు చెవుల దగ్గర కత్తెరకి అడ్డం వస్తున్నాయని ఒక్కొక్కడూ మాస్కు తీసి జేబులో పెట్టుకున్నాడు. జీపు డ్రైవరు రెండుసార్లు దగ్గి, "దుమ్ము" అన్నాడు. మేమంతా తలలూపాము. బావ చాలా రోజుల తర్వాత చేతికి పని తగిలిన సంతోషంలో మెడ మెడకీ ఊదుతూ, పౌడరు అద్దుతూ, మాతో పరాచికాలాడాడు. అంత నవ్వు ఆ స్టేషన్లో విని చాలా కాలమైంది.

పెద్దసారు వచ్చాడు, వేళ్లు పెట్టి చూశాడు, ఎవరి జుట్టూ చిక్కలేదు, వెళ్లిపోయాడు. పోలీసులకి కటింగు ఎవరు చేశారని మాత్రం ఆయన అడగలేదు. అడగాల్సిన మాటని ఎప్పుడు మింగాలో తెలియకపోతే అంత పెద్దవాడు కాడు.

వారం తిరక్కుండా బావ భార్య స్టేషను గేటు దగ్గరికి వచ్చింది. లోపలికి రాలేదు. రోడ్డుకి అవతలే నిలబడి, ముక్కు మీద కొంగు గట్టిగా పట్టుకుని నన్ను పిలిచింది.

"ఆయనకి వచ్చింది అన్నయ్యా. జ్వరం, ఆయాసం. నర్సమ్మ వచ్చి పరీక్ష చేసి చెప్పింది. ఎవరెవరిని ముట్టుకున్నావని అడిగితే ఎవరినీ ముట్టుకోలేదన్నాడు. కొట్టు పోతుందని భయం. మిమ్మల్ని మాత్రం చూసుకోమన్నాడు, ఈ మాట చెప్పి రమ్మన్నాడు. చెప్పాను, వెళ్తాను."

వెళ్లిపోయింది. నేను అక్కడే నిలబడిపోయాను. అప్పటికి డ్రైవరు దుమ్ము దుమ్మంటూనే నీరసపడి జీపులోనే పడుకుంటున్నాడు. ఇన్‌స్పెక్టర్‌కి టీ రుచి తెలియడం లేదు, అది టీ తప్పే అనుకుంటున్నాడు. ఇవన్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకుంటే చదువు రానివాడికైనా అర్థమైపోతుంది.

లోపలికి వెళ్లి ఇన్‌స్పెక్టర్‌కి చెప్పాను. ఆయన చెడ్డవాడు కాడు. నిద్రలేక కళ్లు వాచిపోయిన మనిషి, అంతే.

"మనం పరీక్షలకి పోతే ఎందుకొచ్చారంటారు. చెప్పాలి. చెబితే స్టేషను మూతపడుతుంది, రోడ్డు మీద ఎవరుంటారు? అదీ పక్కన పెట్టు, వాడి కొట్టు పోతుంది. వాడే నోరు మూసుకుని తనని తాను కాపాడుకుంటుంటే, నీకెందుకయ్యా మధ్యలో? ఎవరికి ఒళ్లు బాగాలేకపోతే వాళ్లు ఓ మూల కూర్చోండి."

ఆయన మాటలో అబద్ధమేమీ లేదు. అదే నాకు మింగుడుపడలేదు. అబద్ధమైతే తిరగబడొచ్చు.

బయటికొస్తే రిసెప్షన్ బల్ల దగ్గర మా మహిళా కానిస్టేబుల్ కూర్చుని ఉంది. స్టేషన్లో అందరికన్నా చిన్నది, అందరం చిట్టీ అంటాము. అయిదో నెల. సెలవులన్నీ రద్దు కాబట్టి రోజూ వస్తోంది. మా అందరి కప్పులూ తన బల్ల మీదే ఉంటాయి, మా అందరి మాటలూ తన మొహం మీదే.

"ఆవిడ ఎందుకొచ్చింది బాబాయ్?" అని అడిగింది.

"ఊరికే."

"ఊరికే వచ్చి రోడ్డవతల నిలబడుతుందా? మీ మొహం చూస్తే ఊరికేలా లేదు."

"ముందు నువ్వు ఆ బల్ల దగ్గర నుంచి లేచి చెట్టు కింద కూర్చో" అని కసిరాను. వింతగా చూసి, కుర్చీ తీసుకుని వెళ్లింది. చెట్టు కింద ఎన్నాళ్లు కూర్చోబెడతాను? పరీక్ష కిట్లు తక్కువని రోగి ముట్టుకున్నవాళ్లకి మాత్రమే చేస్తున్నారు. ఏ రోగి ముట్టుకున్నాడో చెబితేనే ఆ వరసలో పేరు పడుతుంది. పరీక్ష కాగితం లేకుండా ఇన్‌స్పెక్టర్ సెలవివ్వలేడు. ఎటు తిరిగినా దారి బావ పేరు దగ్గరికే పోతోంది. ఆ పేరు బయటికొస్తే అతని కొట్టు పోతుంది.

మధ్యాహ్నం డ్యూటీలో బారికేడు పక్కనుంచి నర్సమ్మ స్కూటరు మీద వెళ్తోంది. చెయ్యి అడ్డం పెట్టాను. పాస్ చూపించబోయింది. వద్దని, రోడ్డు పక్కకి పిలిచి చెప్పేశాను. మొత్తం చెప్పాను. చెప్పి, "మేమే పిలిపించాం. జీపులో తెచ్చాం. తనంతట తాను రాలేదు. అది కూడా రాసుకోండమ్మా, నా పేరు పెట్టి రాసుకోండి" అన్నాను.

ఆవిడ రెండూ రాసుకుంది. ఆవిడ కళ్లు కూడా ఇన్‌స్పెక్టర్ కళ్లలాగే వాచి ఉన్నాయి.

మర్నాడు స్టేషనంతటికీ పరీక్షలు చేశారు. డ్రైవరుకి ఉంది, ఇన్‌స్పెక్టర్‌కి ఉంది, ఇంకొందరికి ఉంది, నాకూ ఉంది. చిట్టికి లేదు. కాగితం చేతికి రాగానే సెలవిచ్చి ఇంటికి పంపేశారు. ఆ మాట విన్నాక నాకు జ్వరంలో కూడా హాయిగా నిద్రపట్టింది. డ్రైవరుకి మాత్రం ఆస్పత్రిలో తల ప్రాణం తోకకొచ్చింది. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారు. బావ మేడ మీదే మంచాన పడి, లేచాడని విన్నాను.

కోలుకుని డ్యూటీకి వచ్చిన రోజే ఇన్‌స్పెక్టర్ నా చేతిలో ఉత్తర్వు పెట్టాడు. రెండోసారి ఉల్లంఘన. లైసెన్సు రద్దు. షాపుకి సీలు. అమలు చేయాల్సింది స్థానిక పోలీసు. మాకు వచ్చినది వేరే కాగితం, పరిశుభ్రత పాటించమని ఒక సలహా.

"మనం పిలిపించామని నర్సమ్మ రాసింది సార్" అన్నాను.

"రాసింది. చదివారు కూడా. ఎవరు పిలిచారన్నది ఉత్తర్వులో లేదు హెడ్డూ. ఎవరు కత్తిరించారన్నదే ఉంది."

ఆరోగ్య శాఖ ఆఫీసుకి వెళ్లాను. అక్కడి అధికారి నన్ను కూర్చోమన్నాడు, మర్యాదగానే మాట్లాడాడు. పోలీసు అత్యవసర సేవ కాబట్టి మా మీద చర్య ఉండదట. కటింగు అత్యవసర సేవ కాదట. "మాకు అత్యవసరం కాబట్టే పిలిచాం సార్" అన్నాను. ఆయన నవ్వి కట్టలోంచి ఇంకో కాగితం తీసుకున్నాడు. ఇన్నేళ్ల సర్వీసులో ఒక్కసారి కూడా బల్ల మీద చెయ్యి వేసి కొట్టలేదు. అప్పుడు కొట్టాలనిపించింది. కొట్టలేదు, మోకాళ్లు పట్టుకుని లేచి వచ్చేశాను.

ఇంకెవరినైనా పంపండని ఇన్‌స్పెక్టర్‌ని అడగొచ్చు. అడగలేదు. ఇంకెవడో వెళ్లి లాఠీతో షట్టరు మీద కొట్టి పిలిచే కన్నా నేను వెళ్లడమే నయమనుకున్నాను.

లక్క, గుడ్డ, కొవ్వొత్తి, ముద్ర పట్టుకుని వెళ్లాను. చెల్లెలు షట్టరు ఎత్తి నిలబడి ఉంది. లోపలి సామాను కదపకూడదని రూలు. అయినా కత్తెర సంచీ, దువ్వెనలు తీసేసుకోమ్మా అన్నాను. తీసుకుంది. బావ పైన కిటికీలోంచి చూస్తున్నాడు. మనిషి సగమయ్యాడు.

"దిగలేను బావా, మెట్లు దిగితే ఆయాసం" అన్నాడు.

"దిగొద్దు."

"నర్సమ్మకి చెప్పింది నువ్వేనట?"

"నేనే" అన్నాను.

కిటికీలోంచి కాస్త ముందుకి వంగాడు. "ఆ కడుపుతో ఉన్న పిల్లకి ఏం కాలేదు కదా?"

"ఏం కాలేదు. ఇంట్లోనే ఉంది."

"మంచిది. అద్దాలకి గుడ్డ కప్పి దించు బావా, దుమ్ము పడుతుంది."

ఆ అద్దాల్లో ఇక అతను మొహాలు చూసే రోజు రాదని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. గుడ్డ కప్పాను. షట్టరు దింపాను. తాళం వేసి, తాళానికి గుడ్డ చుట్టి, లక్క కరిగిస్తుంటే ఒక చుక్క వేలి మీద పడింది. చెల్లెలు చూసి, సంచీ కింద పెట్టి, మేడ మీంచి నీళ్లు తెచ్చి నా వేలి మీద పోసింది.

"మీ స్టేషన్లో అందరూ బాగున్నారా అన్నయ్యా?" అని అడిగింది.

"అందరూ లేచి తిరుగుతున్నారమ్మా. డ్రైవరు కూడా మొన్న ఇంటికొచ్చాడు."

"పోనీలెండి. ఒక్క కొట్టుతో పోయింది."

ఆ మాటలో కోపం లేదు. ఎంత వెతికినా లేదు. తిట్టి ఉంటే, నా మొహాన ఆ నీళ్లు కొట్టి ఉంటే, ఆ వీధిలోంచి మళ్లీ నడవగలిగేవాణ్ణి. లక్క గట్టిపడకముందే ముద్ర వేయాలి. కొవ్వొత్తి ఆర్పేసి, వేశాను.